పురుగుల మాస్టారి పాఠం

హెడ్మిస్ట్రెస్ బల్ల మీద మూడు ఫిర్యాదులున్నాయి. మూడూ ఒకే మనిషి మీద.

మొదటిది ఒక తండ్రిది. నిమ్మమొక్కకి మందు కొట్టబోతే కూతురు కుండీకి అడ్డంగా పడుకుందట. రెండోది ఒక నాయనమ్మది. బళ్ళో పురుగుల్ని పెంచడం నేర్పిస్తారని తెలిస్తే మనవణ్ణి చేర్పించేదాన్నే కాదని రాసింది. మూడోది చదివేసరికి హెడ్మిస్ట్రెస్‌కి తల కొట్టేసినట్టయింది. "మీ మాస్టారు మొక్క చూస్తానని వచ్చి మా వంటగదిలో దూరాడు. గొంతుక్కూచుని సింకు కిందంతా వెతికాడు. మా ఇల్లేమన్నా సంతా?"

నిజానికి ఆయన ఆ బడి మాస్టారు కాదు. జీతం బత్తెం లేకుండా శుక్రవారం శుక్రవారం వచ్చి, సీతాకోకచిలుకల గురించి చెప్పి వెళ్ళే మనిషి. నలభై దాటకుండానే జుట్టంతా నెరిసిపోయింది. పిల్లలు పురుగుల మాస్టారంటారు. ఆయన పలుకుతాడు కూడా.

చెప్పేది ఎప్పుడూ ఒకటే పాఠం. సీతాకోకచిలుక తేనె ఏ పువ్వు మీదైనా తాగుతుంది. గుడ్లు మాత్రం తన పిల్లలు తినగలిగే మొక్క మీదే పెడుతుంది. నిమ్మాకు తినే పురుగు, పక్కనే గులాబీ తోట ఉన్నా ఆకలితో చస్తుంది గానీ ముట్టదు.

"నిమ్మమొక్క దానికి పుట్టిల్లు," అనేవాడాయన. "పురిటికి పుట్టింటికొచ్చిన పిల్లని మందు కొట్టి చంపుతామా?"

"చంపం!" అని గది దద్దరిల్లేది.

అప్పుడు తలా ఒక నిమ్మమొక్క ఇచ్చేవాడు. "ఒక్కటే షరతు. మొక్క ఉన్న ఇంట్లో పురుగుల మందు ఉండకూడదు. మీరెవరూ ముట్టుకోవద్దు. ఎక్కడుందో చెప్పండి చాలు, నేనే వచ్చి పట్టుకెళ్తా."

ఇక పిల్లలు ఆగుతారా? "మా మొక్కకి పదకొండు చిల్లులు!" "మాదసలు మోడే అయిపోయింది, తెలుసా!" అంటూ ఆకుల చిల్లుల్ని చూసి మురిసిపోయేవారు. మొదట్లో హెడ్మిస్ట్రెస్ కూడా మురిసిపోయింది.

పోయిన శుక్రవారం ఆమె మనసు విరిగింది. తరగతిలో గాజు జాడీలోని గూడు పగిలి సీతాకోకచిలుక బయటికొచ్చింది. పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మాస్టారు మాత్రం అటు కన్నెత్తి చూడలేదు. కిటికీ దగ్గర ఒక పిల్లతో, "మందు ఏ సీసాలో పోసి పెట్టారమ్మా మీ ఇంట్లో?" అని గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు. దాని పేరేంటి మాస్టారూ అని పిల్లలు చెయ్యి పట్టుకుని లాగితే నీళ్ళు నమిలాడు. చివరికి బయాలజీ టీచరు చెప్పాల్సి వచ్చింది.

ఇవాళ ఆయన్ని గదికి పిలిపించింది. కుర్చీ అంచున కూర్చున్నాడు. గోళ్ళ నిండా మట్టి.

"ఇవాళ్టితో మీ క్లాసు ఆపేద్దాం మాస్టారూ."

ఆయన మొహం పాలిపోయింది. "ఒకటో తరగతి మిగిలిపోయిందమ్మా. ముప్పై ఒక్కమంది పిల్లలు. అదొక్కటీ కానివ్వండి, మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

"చివరికి పెట్టుకుంది మీరే కదా?"

"రెండుసార్లు గది దాకా వెళ్ళానమ్మా. ధైర్యం చాలక వెనక్కొచ్చేశాను."

చిన్నపిల్లల అల్లరి తట్టుకోలేడు కాబోలు అనుకుందామె. "పోగేసిన మందంతా ఏం చేస్తున్నారు?"

"విషపు చెత్త తీసుకెళ్ళే బండికి అప్పజెబుతున్నానమ్మా. కావాలంటే వాళ్ళని అడగండి."

ఆమె ముందే ఫోన్ చేసి అడిగింది. నిజమేనని తేలింది. తప్పు పట్టడానికి అదీ మిగల్లేదని కోపం ఇంకా పెరిగింది.

"సీతాకోకచిలుకల పేర్లు కూడా రావు మీకు."

"రావమ్మా. పుస్తకం చూసి బట్టీపట్టిన పాఠం అది."

"మీకు పురుగుల మీదున్న జాలి మనుషుల మీద లేదు. ఆ కుండీ దగ్గర పడుకున్న పిల్ల రెండు పూటలు అన్నం మానేసింది. తండ్రికీ కూతురికీ మాటల్లేవు."

ఆయన చటుక్కున తలెత్తాడు. "మరి ఆయన మందు బయటికి పంపేశాడా అమ్మా?"

"పంపేశాడు. పిల్ల ఏడుపు చూడలేక ఆ సాయంత్రమే పంపేశాడు. ఎంతసేపూ ఆ సీసా గోలేనా మీకు?"

మాస్టారు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఆమె మాత్రం మెత్తబడలేదు. ఆయన్ని రావద్దని టైపు చేయించిన ఉత్తరం తీసి ముందు పెట్టుకుంది, సంతకం పెడితే చాలు.

"పసివాళ్ళని ఏడిపించి పెద్దవాళ్ళ మెడలు వంచడం ఒక పాఠమా? పురుగుల గురించి తప్ప, చెప్పడానికి మీ దగ్గర ఇంకేమీ లేదా?"

"ఉండేదమ్మా," అన్నాడాయన. అరచేతులకేసి చూసుకుంటూ చెప్పుకొచ్చాడు.

"ఈ పాఠానికి ముందు రెండేళ్ళూ, నేను మంచినీళ్ళ సీసాలో పోసి పెట్టిన మందు తాగి పోయిన మా ఒకటో తరగతి పాప సంగతే ఇల్లిల్లూ తిరిగి చెప్పానమ్మా, విన్నవాళ్ళంతా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు గానీ, ఇంట్లో సీసా మాత్రం ఒక్కళ్ళూ తియ్యలేదు."