తువ్వాలులో చుట్టిన తుపాకీ

తుపాకుల షాపు తలుపు తెరుచుకోగానే వెర్న్ కౌంటర్ వెనక చటుక్కున పక్కకి తప్పుకున్నాడు.

లోపలికి వచ్చిన ఆవిడ చేతుల్లో రివాల్వర్ ఉంది. దానికి తెల్ల తువ్వాలు చుట్టి ఉంది. ఒక కొస జారి వేలాడుతోంది. తుపాకీ గొట్టం ఆవిడ కడుపుకే ఆనుకుని ఉంది.

"అక్కడే ఆగండి. కదలకండి," అన్నాడు వెర్న్.

ఆవిడ ఆగింది. అరవై దాటిన మనిషి. కోటు భుజాల మీద మంచు ఇంకా కరగలేదు. ఊళ్ళో ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"తలుపు మీద రాసింది చదివారా?"

"లేదండీ."

"తూటాలు తీసేసి, పెట్టెలో పెట్టి తీసుకురావాలి. ఇలా చేత్తో పట్టుకుని షాపులోకి రాకూడదు."

పొయ్యి పక్కన బెంచీ మీద కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతున్న టక్కర్ నవ్వాడు. అతను కొనేదేమీ ఉండదు. రోజూ వచ్చి కూర్చుంటాడు.

"మీది వయోమింగ్ కాదనుకుంటా," అన్నాడు.

"కాదు. నెబ్రాస్కా."

"నెబ్రాస్కాలో తుపాకీని ఇలాగే ఎత్తుకుంటారా, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు?"

"గొట్టం ఎటు తిప్పాలో తెలియలేదు," అంది ఆవిడ. "దారిలో మనుషులు ఎదురొస్తున్నారు. అందుకని నావైపే పెట్టుకున్నాను."

టక్కర్ నవ్విన నవ్వుకి కప్పులో కాఫీ ఒలికింది.

వెర్న్ కౌంటర్ చుట్టూ తిరిగి వచ్చాడు. పక్కగా నిలబడి రివాల్వర్‌ని జాగ్రత్తగా అందుకున్నాడు. గొట్టం నేల వైపు వంచి సిలిండర్ తెరిచాడు.

నిండా తూటాలే.

"దేవుడా," అన్నాడు మెల్లగా. ఒక్కొక్కటీ తీసి పళ్ళెంలో పెట్టాడు.

అప్పుడు గుర్తుపట్టాడు. నిన్న సాయంత్రం తను అమ్మిన రివాల్వరే అది.

కొన్నతను కూడా బాగా గుర్తున్నాడు. చేతికి ఇవ్వగానే ముందు సిలిండర్ తెరిచి ఖాళీ అవునో కాదో చూశాడు. వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వలేదు. గొట్టాన్ని ఎవరి వైపూ తిప్పలేదు. అతను వెళ్ళాక, "చూశావా, పద్ధతి తెలిసిన మనిషి," అని వెర్న్ టక్కర్‌తో అన్నాడు కూడా.

"ఇది కొన్నాయన మీవారేనా?"

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

"ఆయన వచ్చి అడిగినా మళ్ళీ ఇవ్వకండి," అంది.

"చూడండమ్మా, మొగుడూ పెళ్ళాల తగువులోకి నన్ను లాగొద్దు. ఆయన వస్తువు. అడిగితే ఇవ్వాల్సిందే."

"కొన్నాళ్ళయినా ఏదో ఒకటి చెప్పి ఆపండి."

"పాపం, ఆయనకి ఇంట్లో నోరెత్తే వీలు కూడా లేనట్టుంది," అన్నాడు టక్కర్.

ఆవిడ అతని వంక చూసింది. కోపం తెచ్చుకోలేదు.

"ఒక్క నిమిషం కూర్చోవచ్చా?"

టక్కర్ బెంచీ మీది నుంచి కాళ్ళు తీయలేదు.

"పనిలో ఉన్నామండీ," అన్నాడు వెర్న్. "మళ్ళీ ఎప్పుడైనా వస్తే మాత్రం తలుపు మీద రాసింది చదివి రండి."

ఆవిడ తల ఊపింది. తువ్వాలు మడత పెట్టి చంకలో పెట్టుకుంది. బయట మెట్ల దగ్గర కాసేపు గోడ పట్టుకుని నిలబడి, తర్వాత బస్సులు ఆగే వైపు నడిచింది.

వెర్న్ రివాల్వర్‌ని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ వారం చివర్లో రివాల్వర్ కొన్నతను వచ్చాడు. గడ్డం మాసి ఉంది. బయట ట్రక్కులో ఎవరో ఇంజన్ ఆపకుండా ఎదురుచూస్తున్నారు.

"ఒకావిడ ఇక్కడికి రివాల్వర్ తెచ్చిందా?"

"తెచ్చింది. నిండా తూటాలతో, తువ్వాల్లో చుట్టుకుని. మీకింత పద్ధతి తెలుసు కదా సార్, ఇంట్లో ఆవిడకీ కాస్త నేర్పకూడదూ?"

వెర్న్ తాళంచెవి తీశాడు.

"వద్దు. అది నాకొద్దు. ఆవిడ కోసం వచ్చాను. పేరు గానీ, ఊరు గానీ చెప్పిందా?"

వెర్న్ చెయ్యి బీరువా మీదే ఆగిపోయింది.

"మీ భార్య పేరు నన్ను అడుగుతారేంటి?"

"నా భార్య వేసవిలో పోయింది."

టక్కర్ కాళ్ళు కిందికి దించాడు.

అతను కౌంటర్ మీది అద్దం వంక చూస్తూ చెప్పాడు. "ఇది కొన్న రోజు మోటెల్లో దిగాను. ఇంటికి వెళ్ళాలని లేదు. ఇంకెక్కడికీ వెళ్ళాలనీ లేదు. శబ్దం బయటికి వినపడకూడదని టీవీ గట్టిగా పెట్టాను. అప్పుడు ఆవిడ తలుపు కొట్టింది."

వెర్న్ తాళంచెవి కౌంటర్ మీద పెట్టాడు.

"నా చేతిలో ఉన్నది చూసింది. అరవలేదు, పారిపోలేదు. వచ్చి కుర్చీలో కూర్చుంది. నా భార్య ఎలా ఉండేదని అడిగింది. తెల్లారేదాకా చెప్తూనే ఉన్నాను. తర్వాత చెయ్యి చాపితే ఇచ్చేశాను. మా తమ్ముడికి ఫోన్ చేయించి, వాడు వచ్చేదాకా ఉండి వెళ్ళింది. పేరు అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. మోటెల్ వాళ్ళు చెప్పరట."

"మరి ఆవిడ మీకేమవుతుంది?" అన్నాడు వెర్న్.

"ఏమీ కాదు. టీవీ సౌండు కాస్త తగ్గించమని చెప్పడానికి వచ్చిన పక్కగది మనిషి."