విల్మా టీచర్ వేట లైసెన్సు

విల్మా టీచర్ పెరట్లో డోనట్లు తింటున్న నల్ల ఎలుగుబంటి నా జీపు చప్పుడుకి అడవిలోకి పారిపోయింది.

“అమెరికాలో మిగతాచోట్ల ఎలా ఉన్నా, మన మెయిన్ రాష్ట్రంలో ఎలుగుబంటికి తిండి పెట్టడం నేరం టీచర్. అడవి గార్డుని, మళ్ళీ పెడితే కేసు రాయాలి.”

“ఎదురింటాయన పీపాలకొద్దీ పెడుతున్నాడుగా?”

“అది ఎర. ఆయనకి వేట లైసెన్సుంది.”

“అంటే చంపడానికి పెట్టొచ్చు, ప్రేమగా పెడితేనే తప్పు. ఈ రూలు నువ్వే రాశావా ఏంట్రా డెల్మర్? మూడో తరగతిలో నీ రాతలు ఇలాగే ఉండేవి.”

వారం తిరక్కుండా ఆవిడ లైసెన్సు తెచ్చుకుంది. అడవిలో పీపా పెట్టి, రూలు ప్రకారం తన పేరూ అడ్రసూ రాసిన పలకని చెట్టుకి కొట్టింది. ఆ గుండ్రటి దస్తూరీ చూసి నాకు బాధేసింది. డెబ్బయ్యేళ్ళ మనిషిని వేటగత్తెని చేశాను.

సీజను మొదలైన రోజు వెళ్ళాను. ఆవిడ మడతకుర్చీలో ఉంది, ఒళ్ళో తుపాకీ. ఎదురుగా ఎలుగుబంటి పీపాలో తలపెట్టి తింటోంది.

“కాల్చరేం?” అన్నాను గుసగుసగా.

“గురి కుదరాలి కదరా.”

తుపాకీ అందుకుని చూశాను. గొట్టంలో సాలీడు గూడు కట్టుకుంది.

టీచర్ లైసెన్సు కాగితం నా చేతిలో పెట్టింది. “తూటాలుండాలని ఎక్కడుందో చదువు. మెల్లగా చదువు, అది బెదురుతుంది.”