డబ్బాలకు అర్థమైన పాఠం

పిల్లలు క్లాసుకు రావడం ఎప్పుడో మానేశారు. వాళ్ల బదులు పాఠం వినే యంత్రాల డబ్బాలు ఎగిరొచ్చి బెంచీల మీద వాలి, నేను చెప్పే జ్యామితి అంతా నోట్సు రాసుకుపోతాయి. ఎంత కష్టమైన పాఠమైనా సరే, "అర్థమైందా?" అంటే ఒక్క గొంతుతో "అర్థమైంది మేడమ్" అంటాయి. మనుషులు రాని క్లాసును ఈ నెలతో ఎత్తేస్తామని డీన్ చెప్పేశాడు.

ఆ రోజు చివరి బెంచీలో ఒకమ్మాయి కూర్చుని ఉంది. పేరు నూకరత్నమట. పాఠం ముగించి, అలవాటుగా అడిగాను.

"అర్థమైంది మేడమ్," అన్నాయి డబ్బాలు.

"నాకు అవ్వలేదు మేడమ్," అంది నూకరత్నం. "గోళం మీద త్రిభుజం పెద్దదయ్యేకొద్దీ కోణాల మొత్తం ఎందుకు పెరుగుతాదో నా డబ్బాకి తెలుసంట. నాకే తెలీదు."

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అంత గౌరవించలేదు. బోర్డంతా తుడిచేశాను. నా టిఫిన్ సంచిలోని బత్తాయిని ఆమె చేతిలో పెట్టి, దాని మీద పెన్నుతో చిన్న త్రిభుజం ఒకటి, పెద్దది ఒకటి గీయించాను.

"పెద్దదాని మూలలు విచ్చుకున్నాయి మేడమ్," అంది తను, బత్తాయిని తిప్పి తిప్పి చూస్తూ.

డబ్బాలు అది కూడా రాసుకుని ఇళ్లకెళ్లాయి.

మర్నాడు తలుపు తీస్తే బెంచీల నిండా మనుషులు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బత్తాయి.

"మాకూ అవ్వలేదు మేడమ్," అన్నారు.