అత్తగారి పిలుపు

"అలా కాదు అత్తయ్యా, చివర సాగదీయకూడదు. టక్కున తెంచెయ్యాలి."

మనవరాలిని జోకొడుతున్న అత్తగారు గొంతు తగ్గించి మళ్లీ పిలిచింది. "అమ్మాయ్, భోజనానికి రా!"

మళ్లీ సాగింది. కోడలు తల అడ్డంగా ఊపింది. రేపే పరీక్ష. ఇన్నేళ్ల నాలుక ఇంత తొందరగా మాట వింటుందా? అసలు భోజనానికి రమ్మనే పిలుపును ఎవరైనా గుసగుసగా నేర్చుకుంటారా? కానీ పక్కింటి గోడకు చెవులు మొలిచి చాలా రోజులైంది.

కాగితాలు ఎవడైనా పుట్టించగలడు, గొంతును పుట్టించలేడని కొత్త ప్రభుత్వం తేల్చేసింది. అందుకే ఒక్కో వీధినీ బడికి రప్పించి, ఇంట్లోవాళ్లను భోజనానికి పిలిచినట్టు పిలవమంటున్నారు. ఎవరు ఈ దేశం వాళ్లో, ఎవరు కాదో అందులోనే తెలిసిపోతుందట. కానివాళ్లను సరిహద్దు దాటిస్తున్నారు. అలా వెళ్లినవాళ్ల కబురు ఇంతవరకూ లేదు.

"నా సంగతి సరే, నోరు తెరిస్తే చాలు, తేలిపోతుంది. చిక్కంతా మీతోనే," అంది కోడలు. "ఒక్క అక్షరం జారినా మీరో దారి, మేమో దారి. ఇంకోసారి ఆలోచించండి అత్తయ్యా."

"ఆలోచించేదేముందే? అబ్బాయి పోయాక నాకు మిగిలింది మీరిద్దరే. మీరు లేకుండా నేనెవరికి వండిపెట్టను?"

పెళ్లయిన కొత్తలో ఈ అత్తాకోడళ్ల మాట చెరో తీరుగా ఉండి వీధంతా నవ్వుకునేది. ఇప్పుడు ఎవరికీ నవ్వు రావడం లేదు.

మర్నాడు బడిలో కోడలిని ముందు పిలిచారు. పిల్లను చంకనేసుకుని ఆమె పిలిచిన పిలుపుకు అధికారి తలైనా ఎత్తలేదు. ఎడమ తలుపు చూపించాడు. ఆమె గడప దగ్గరే తచ్చాడుతూ చెవులు రిక్కించింది.

లోపల అత్తగారి గొంతు వినబడింది. అధికారి తలెత్తాడు.

"ఏదీ, ఇంకోసారి పిలు ముసలమ్మా."

కోడలు గడపకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. పిల్లను గట్టిగా హత్తుకుంది.

"అమ్మాయ్, భోజనానికి రా!"

టక్కున తెగింది. అధికారి విసుగ్గా ఎడమ తలుపు వైపు చెయ్యి ఊపాడు.

తాతముత్తాతల నాటి నుంచీ ఈ దేశపు మనిషే అయిన అత్తగారు, కోడలి పుట్టింటి యాసను నోట పట్టుకుని, సరిహద్దుకు వెళ్లే లారీలోకి మనవరాలి వెనకే ఎక్కేసింది.