రెండో చీటీ

“నేను రాయను. ఈసారి మీరే రాయండి,” అంటూ ఆమె బొత్తాల డబ్బాను భర్త వైపు జరిపింది.

గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని భార్యను ఎగాదిగా చూశాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో చీటీలు రాయడం ఆమె వంతు, తీయడం ఆయన వంతు. ఇల్లు మారాలన్నా, ఆమెకు కుట్టుమిషను కొనాలన్నా, రెండు చీటీలు రాసి ఈ డబ్బాలో వేయాల్సిందే. చేతికొచ్చింది దేవుడి మాట. మిగిలినదాన్ని విప్పకుండా పొయ్యిలో వేసేయాలి. దేవుడు కాదన్నదాన్ని తొంగిచూడటమంటే ఆయన్ని నిలదీయడమేనని ఈయనగారి తండ్రి పెట్టిన కట్టుబాటు. కిటికీ తెరల రంగు కూడా అలా తేలిన ఇల్లు అది.

“ఆరేళ్లయిందే నువ్వీ డబ్బా ముట్టుకుని. ఇంకా దేవుడి మీద అలక తీరలేదా?”

ఆఖరిసారి చీటీలు వేసింది కొడుకు కోసం. ఓడలో ఉద్యోగం వచ్చిందని వాడు ఎగిరి గంతేశాడు. వెళ్లనిద్దామని ఆమె, కొట్లో తన పక్కన కూర్చోబెట్టుకుంటానని ఈయన. వారం రోజులు వాదించుకుని చివరికి డబ్బా దించారు. ‘వెళ్లాలి’ అని వచ్చింది. మొదటి ప్రయాణంలోనే ఓడ మునిగిపోయింది.

ఇప్పుడు ఆమె గుండె వంతు. ఆపరేషన్ చేస్తే కోలుకోవచ్చు, బల్ల మీదే ప్రాణం పోనూవచ్చు, చేయించుకోకపోతే మాత్రం ఏడాది గడవడం కష్టమని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. మధ్యాహ్నంలోగా ఏ సంగతో తేల్చి చెప్పాలి.

“అన్నీ ముందే రాసిపెట్టినవాడికి మళ్లీ మన చీటీలెందుకండీ?”

“ఆయన రాసింది మనం చదువుకోవడానికే, పిచ్చిదానా.”

“మరి వాడికి అలా ఎందుకు రాశాడట? పాతికేళ్లు నిండని వాడు, ఏం పాపం చేశాడు?”

ఆయన గొంతు తగ్గిపోయింది. “నాకేం తెలుసే? నాకు ఒక్కటే తెలుసు. వాణ్ని పంపింది నువ్వూ కాదు, నేనూ కాదు. ఆ ఒక్కమాట పట్టుకునే ఇన్నాళ్లూ బతికాను. మనమే పంపించి ఉంటే నా గుండె ఆ రోజే ఆగిపోయేది.”

ఆమె తల పక్కకు తిప్పుకుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఊపిరాడదు.

“సరే, రాయండి,” అంది.

ఆయన కాగితం రెండు ముక్కలు చేశాడు. పరీక్షలో పక్కవాడికి చూపించని పిల్లాడిలా అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు.

ఆమె కళ్లు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టింది. ‘వద్దు’ అనే రావాలని కోరుకుంది. తనకు అదే తగినదని ఆమెకు ఎప్పటినుంచో అనిపిస్తోంది.

చీటీ మీద ‘చేయించాలి’ అని ఉంది.

“చూశావా! నాకు తెలుసు!” ఆయన కళ్లు తుడుచుకుంటూ లేచాడు. డబ్బాలోంచి రెండోది తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. “ఇది నేను పడేస్తాలే.”

“పొయ్యి దగ్గర పని ఎప్పుడూ నాదేగా. ఇలా ఇవ్వండి.”

ఆయన గుప్పిలి ఇంకా బిగించాడు. తర్వాత ఇచ్చేశాడు. డాక్టరమ్మకు చెప్పొస్తానని కుడి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని మెట్లు దిగాడు.

ఆమె పొయ్యి వెలిగించి, ఇన్నేళ్లలో మొదటిసారి రెండో చీటీ విప్పింది.

‘చేయించాలి.’

ఆమె మళ్లీ చదివింది. తెరల రంగు కూడా దేవుణ్ని అడిగే మనిషి, ఆమె ప్రాణం దగ్గరికి వచ్చేసరికి దేవుడికి వేరే దారి లేకుండా చేశాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

వీధిలోంచి ఆయన కేకేశాడు. “కాల్చేశావా?”

“కాలిపోయిందండీ!” అంటూ ఆమె చీటీని మంటలో వేసింది.

ఆనాడు కొడుకు కోసం ఆమె కూడా రెండింటి మీదా ఒకటే రాసింది.