పేరు కింద ఖాళీ

“టవాస్కా! మనకంటే ముందు ఈ నది ఒడ్డున ఉన్న ఆదివాసీ తెగవాళ్లు పెట్టిన పేరిది, మన ఊరికీ అదే నిలిచింది. అర్థం మాత్రం ఎవరికీ తెలీదు” అన్నాడు హార్లన్, మ్యూజియం చూడొచ్చినవాళ్లతో.

వెనక నుంచి ఒక ముసలావిడ చెయ్యెత్తింది.

“ప్రశ్నలు చివర్న, పెద్దమ్మా!”

హార్లన్ ఊరి మ్యూజియంలో గైడు. ఊరి చరిత్ర అతనికి కంఠతా వచ్చు. మొదట పడవల రేవు, తర్వాత పిండిమర, ఆ పైన రైలు, టైర్ల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరికి మిగిలింది పేరొక్కటే.

వచ్చే నెలతో ఊరికి రెండు వందల ఏళ్లు. కోర్టు ముందు పెట్టే రాతి మీద పేరు చెక్కేశారు. కింద అర్థం కోసం చోటు వదిలారు. దానికోసం ఒహైయో రాష్ట్రంలో హార్లన్ తిరగని లైబ్రరీ లేదు. తెలిసినవాళ్లు చెప్పండి బాబూ అని టీవీలో కూడా బతిమాలాడు.

అందరూ వెళ్లినా ముసలావిడ కదల్లేదు.

“నువ్వు పలికేది తప్పు నాయనా. ట కాదు, త. తవాస్కా.”

హార్లన్‌కు చిర్రెత్తుకొచ్చింది.

“పుట్టినప్పటి నుంచీ ఈ ఊళ్లోనే ఉన్నా. నాకే నేర్పుతారా?”

“కోప్పడకు. చాలా దూరం బస్సులో వచ్చా. కాసేపు కూర్చోనా?”

“ఇవాళ మన కుర్రాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్ పెద్దమ్మా! ఊరంతా అక్కడే. సోమవారం రండి, తీరిగ్గా మాట్లాడుకుందాం.”

“సోమవారమా?” ఆవిడ నవ్వింది. గుమ్మం దగ్గర ఆగి ఏదో గొణిగింది.

“ఆఁ, మంచిది మంచిది” అంటూ హార్లన్ తాళం వేశాడు.

మ్యాచ్‌లో గొంతు పోయేలా అరిచాడు. “టవాస్కా! టవాస్కా!”

సోమవారం ఆవిడ రాలేదు. బుధవారం నల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చింది.

“మా అమ్మమ్మ ఓపల్ మీ దగ్గరికి వచ్చిందట కదా. మొన్న ఆదివారం పోయింది.”

“అయ్యో!”

“టీవీలో మిమ్మల్ని చూసి, పాపం అతనికి ఆ పేరు అర్థం చెప్పొస్తానని బయల్దేరింది. మాకెప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు బళ్లో మా తెగ మాటలు మాట్లాడితే నోట్లో సబ్బు కుక్కేవారట, అదే భయం. మీకేం చెప్పింది సార్?”

హార్లన్ గుమ్మం దగ్గరి ఆ గొణుగుడు గుర్తు తెచ్చుకోబోయాడు. ఒక్క ముక్కా అందలేదు.

“వినలేదమ్మా” అన్నాడు ఏడుపు గొంతుతో. “మీవాళ్లలో ఇంకెవర్నయినా అడగొచ్చా?”

“ఇంకెవరున్నారు సార్? ఆ భాష వచ్చిన ఆఖరి మనిషి మా అమ్మమ్మే.”