ఇంజను బ్యాటరీ, ఇంటి బ్యాటరీ

ఈ కథలో ఒక్క అబద్ధం పట్టుకున్నవాళ్లకి నా పొన్నుకర్ర ఇచ్చేస్తాను. అంత నిక్కచ్చిగా చెబుతున్నాను, వినండి.

తాళంచెవి తిప్పితే ఇంజను "టక్" అంది. మళ్లీ తిప్పితే ఆ "టక్" కూడా లేదు.

తెరచాప పడవ అది. ఒడ్డుకి కాస్త దూరంలో లంగరేసి రెండు రోజులైంది. మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగింది. తాడిచెట్టంత అలలు లేచాయి. లంగరు జారిపోయి పడవ వెనక్కి వెనక్కి, రాళ్ల వైపు పోతోంది.

"బావగారూ! ఒక బ్యాటరీ చచ్చినా ఇంకోటి కాపాడుతుందన్నారు కదండీ!" పడవ యజమాని గొంతు చించుకున్నాడు.

బావగారంటే యజమాని భార్యకి అన్నయ్య. నలభై ఏళ్లు లారీల బ్యాటరీలు బాగుచేసిన మేస్త్రి. మూత తియ్యకుండా, వాసన చూసి బ్యాటరీ వయసు చెప్పగల మొనగాడు. ఈ పడవకి రెండు బ్యాటరీలు అమర్చింది ఆయనే. ఒకటి ఇంజను లేపడానికి మాత్రమే. రెండోది ఇంటి బ్యాటరీ. దీపాలకీ, ఫ్యానుకీ, ఫ్రిజ్జుకీ అది.

"ఇంజను బ్యాటరీ నిండుకుండ బావా! దాని జోలికి ఎవరు పోయారు?" అంటూ మేస్త్రి చుట్టూ చూశాడు. చూపు ఫ్రిజ్జు మీద ఆగింది. "ఏమ్మా, దీన్ని రెండు రోజులూ ఆపనే లేదా?"

"నువ్వే కదన్నయ్యా, ఎంతైనా వాడుకో, ఇంజను బ్యాటరీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదన్నావు," అంది చెల్లెలు.

"వాడుకోమంటే ఊడ్చుకు తాగమనా? ఫ్రిజ్జు, ఫ్యాను, అది చాలక పట్టపగలు దీపం! పడవనుకున్నావా, పెళ్లిపందిరనుకున్నావా?"

"నీ చేతికి స్విచ్చులిస్తే ఇంతే!" భర్త విరుచుకుపడ్డాడు. "ఇక మీదట అడక్కుండా ఏదీ ముట్టుకోకు."

ఆవిడ అప్పటికే చచ్చి ఊరుకున్న ఫ్రిజ్జు స్విచ్చు ఆపింది. తిరగని ఫ్యాను స్విచ్చు కూడా ఆపింది.

మేస్త్రి కిందికి దిగి బ్యాటరీల పెట్టె తెరిచాడు. రెండిటి మధ్యా గుండ్రటి స్విచ్చు. ఇంజను ఆడుతున్నంతసేపూ రెండిటికీ ఛార్జింగ్ ఎక్కాలని దాన్ని 'రెండూ కలిపి' మీద పెడతారు. ఇంజను ఆపగానే విడదీయాలి. లేదంటే ఇంటి వాడకం రెండిటినీ పీల్చేస్తుంది. వచ్చిన రోజు దాన్ని కలిపింది మేస్త్రే. విడదీస్తానన్నదీ ఆయనే.

స్విచ్చు ఇంకా 'రెండూ కలిపి' మీదే ఉంది.

మేస్త్రి మెట్ల వైపు వీపు పెట్టి, చప్పుడు కాకుండా దాన్ని విడదీశాడు.

"ఏమైందండీ బావగారూ?" పైనుంచి కేక.

"ఏముంది, చుక్క మిగల్చలేదు!" అన్నాడు. ఎవరు మిగల్చలేదో చెప్పలేదు.

పైకొచ్చేసరికి చెల్లెలు తెరచాప తాడు లాగుతోంది. "లంగరు తాడు కోసేయండి!" అని మొగుణ్ణి అదిలించింది. తెరచాప బుస్సున నిండింది. పడవ అడుగు ఒక రాతిని బరబరా గీరుకుని, ఒక పక్కకి ఒరిగి, బయటపడింది. ఇంజను ఊసు లేకుండా అందర్నీ రేవు చేర్చింది ఆవిడ. తాడు ఒరిపిడికి అరచేతులు కమిలి ఎర్రబడ్డాయి.

రేవులో దిగాక మేస్త్రి ఆ అరచేతులు చూశాడు. "తప్పు నాదే చెల్లీ. స్విచ్చు తిప్పడం మరిచిపోయింది నేను," అన్నాడు. యజమాని తల దించుకున్నాడు. ఆవిడ ఫక్కున నవ్వింది. మేస్త్రి గుండెల మీంచి బండ దిగింది.

కర్ర కోసం అప్పుడే చేతులు చాపుతున్నారు, చూస్తున్నాను. సరే, అలలు తాడిచెట్టంత కాదు, మోకాలెత్తు. వాసన చూసి బ్యాటరీ వయసు చెప్పడమూ బడాయే. ముక్కు మండటం తప్ప తెలిసేదేమీ లేదు. అవి నాలిక దురదకి కోసిన కోతలు, లెక్కలోకి రావు. కావాలని కూర్చి కల్పించింది ఒక్కటే. రేవులో మేస్త్రి అన్న ఆ మాట. రేవులో ఎవరూ ఏమీ అనలేదు.

కర్ర తీసుకోండి. నిన్న ఆవిడ మా ఇంటికొచ్చింది. ఒళ్లంతా చెమటలు. స్విచ్చు దాకా చెయ్యి చాపి, ఆగి, నా వైపు తిరిగి, "ఫ్యాను వేసుకోనా అన్నయ్యా?" అని అడిగింది.